సమాధానము దొరకిన కవి: పురుషోత్తమ చౌదరిగారి చరిత్రము

మన పాఠశాలలో ఉదయమున గంట మ్రోగగానే బాలబాలికలు వరుసలుగా నిలిచి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోని యొక కీర్తనను పాడుదురు. పల్లవి యందరికిని కంఠస్థమే. చరణములు కొందరికి వచ్చును. కొందరు పెదవులు మాత్రము కదలింతురు. పాట ముగిసినతోడనే పుస్తకములు మూసి తరగతులకు పోవుదురు. ఆ పాటతోకూడ చిన్నయక్షరములతో అచ్చుపడిన కవి పేరును చదువువారు మిక్కిలి తక్కువ. శ్రద్ధతో చదివినయెడల ఒకే పేరు మరల మరల కానవచ్చును. ఆ పేరు పురుషోత్తమ చౌదరి.

ఈ సంచికలో ఆ మహనీయుని చరిత్రమును మన బాలురకును వారి తలిదండ్రులకును వినిపింపవలెనని మేము తలచితిమి. దానికి కారణము లేకపోలేదు. పరీక్షలో తప్పి ఇంటికి పోవుటకు సిగ్గుపడు బాలుని మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. తుపాను దెబ్బకు పంట పోయి, కుమారుని చదువు మాన్పింపవలసివచ్చునేమో యని కన్నీరు పెట్టుకొను తండ్రిని చూచితిమి. చేతికి వచ్చిన బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని చూచితిమి. వీరితో ఏమి చెప్పవలెనో తోచక మేమును పలుమారులు మౌనము వహించితిమి. అట్టి వేళలలో మాకు జ్ఞాపకము వచ్చినది చౌదరిగారి జీవితము. ఆయన పరాయి దేశపువాడు కాడు. మన నాగావళి, వంశధారల నడుమ తిరిగినవాడు.

పురుషోత్తమ చౌదరిగారు 1803వ సంవత్సరమున నాటి గంజాము మండలమునందలి పర్లాకిమిడి సీమలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆ దినములలో శ్రీకాకుళముకూడ గంజాము మండలములోనిదే. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణము అందు చేరెను. శ్రీకాకుళము తెలుగునాటనే నిలిచి 1950లో ప్రత్యేక జిల్లా యాయెను. చౌదరిగారి బాల్యమున ఈ సరిహద్దు లేవియు లేవు. ఒకే సంతలో తెలుగును ఒరియాయును వినబడెడివి. పూర్వికుల భాష బెంగాలీ, పొరుగువారి భాష ఒరియా, ఊరివారి భాష తెలుగు, పెద్దలు గౌరవించిన భాష సంస్కృతము. ఇన్ని భాషల నడుమ పెరిగిన ఆ బాలుడు తరువాత తన హృదయమును విప్పుటకు మన తెలుగునే యెన్నుకొనెను. ఇది తెలుగువారికి కలిగిన భాగ్యమని మా తలంపు.

ఆయన పుట్టిన రెండేండ్లకు, అనగా 1805లో, లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అను ఇద్దరు దొరలు విశాఖపట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తలను తెలుగులోనికి మార్చుటకు పూనుకొనిరి. క్రైస్తవుడైన ఆనందరాయరను మహారాష్ట్ర బ్రాహ్మణుడు ఈ పనిలో సహాయ మొనర్చెను. వారి శ్రమ ఎట్లు ముగిసినదో వినుడు. క్రాన్ దొరగారు 1809లో శ్రీకాకుళముననే కాలధర్మము నొందిరి. మరుసటి సంవత్సరమే డి గ్రాంజెస్ దొరగారును పోయిరి. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినప్పుడు ఆ తెలుగు పుటలను చేతపట్టుకొని చూచుటకు వారిద్దరిలో ఒక్కరును లేరు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన చెన్నపట్టణమున అచ్చయ్యెను. లోకమువారు చూచినయెడల ఆ యిద్దరి జీవితములు ఆశాభంగములే. క్రాన్ దొరగారు శ్రీకాకుళమున కన్నుమూసిననాటికి, ఆ తెలుగు సువార్తకు మహాగాయకుడు కాబోవు బాలుడు కొలది ఆమడల దూరమున అయిదారేండ్లవాడై ఆడుకొనుచుండెను. విత్తినవాని కన్నులకు పైరు కానరాలేదు. అయినను పైరు వచ్చినది.

చౌదరిగారి కుటుంబము భక్తిగల కుటుంబము. చుట్టుపట్ల శ్రీకూర్మము, శ్రీముఖలింగము, సింహాచలము మొదలగు ప్రసిద్ధ క్షేత్రములు, ఉత్తరమున పూరీ. భజనలు, కీర్తనలు, పురాణకాలక్షేపములు ప్రతి యూరను జరుగు దేశమిది. ఆ భక్తిని మేము చులకన చేయము. దేవునికొరకు దప్పిగొనుట ఆయన ఆ యింటిలోనే నేర్చెను. పాట పాడుటయు ఆ గాలిలోనే నేర్చెను. అయితే ఆయన మనస్సునకు నెమ్మది దొరకలేదు. కడుపునకు కూడు లేని కొరత కాదది. విద్య లేని కొరతయు కాదు. తన పాపభారమునుండి తన్ను విడిపించువా డెవడు అను ప్రశ్న ఆయనను విడువలేదు. ఆయన కీర్తనలను నిదానముగా చదివినవారికి ఈ సంగతి తేటపడును. వాటిలో మాటిమాటికి వినబడునది పండితుని తర్కము కాదు, దిక్కులేనివాడు కరుణకొరకు పెట్టు మొర.

ఇట్టి స్థితిలో క్రైస్తవులు పంచిపెట్టు చిన్న పుస్తకములు ఆయన చేతికి వచ్చెను. ఆ కాలమున శ్రీకాకుళము కంపెనీవారి సైన్యము విడిసియుండు స్థలము; విశాఖపట్టణమున మిషనువారుండిరి; కటకమున ఇంగ్లండునుండి 1822లో వచ్చిన బాప్టిస్టు మిషనువారుండిరి. ఈ మూడు చోట్లనుండి కరపత్రములు చేతులు మారి పల్లెలకు పోవుచుండెడివి. చౌదరిగారికి సువార్తను విశదపరచినవారిలో హెలెన్ నాట్ అను దొరసానిగారొకరు. ఒక బ్రాహ్మణ యువకుడు ఆ పుస్తకములను చదువుటయే వింత. చదివి వానిని సత్యమని తలంచుట ఇంకను వింత. తలచినదానిని బాహాటముగ ఒప్పుకొనుట ప్రాణసంకటము. 1833వ సంవత్సరమున ఆయన ఒప్పుకొనెను. శ్రీకాకుళమునకు బహుదూరమున నున్న కటకమున బాప్తిస్మము పొందెను. నాటికి రైలు లేదు. ఈ తీరమున రైలుబండి వచ్చినది 1890వ సంవత్సరము దాటిన పిమ్మటనే.

కటకపు మిషనువారికి తెలుగువారు క్రొత్త కారు. వారి పనికి తొలి ఫలముగా 1827వ సంవత్సరము క్రిస్మసు దినమున బరంపురములో బాప్తిస్మము పొందినవాడు ఒక తెలుగు నేతగాడు. ఆ నేతగాడును ఈ బ్రాహ్మణ పండితుడును ఒకే ప్రభువు బల్లయొద్ద కూర్చుండదగినవారైరి. అటువంటి సమానత్వమును ఆ కాలపు మన దేశము సులభముగ సహింపలేదు.

బాప్తిస్మమువలన ఆయన పోగొట్టుకొనినదేమో మన బాలురు గ్రహింపవలెను. నాడు కులమునుండి వెలి యగుట యనగా మాటలలో నిందింపబడుట మాత్రమే కాదు. బావినీరు, పంక్తిభోజనము, పెండ్లి, చావు, సమస్తమును బంధువులతో తెగిపోవును. దాయభాగము సయితము పోవచ్చును. మతము మారినవాడు తండ్రియాస్తిని పోగొట్టుకొనకుండ రక్షించు చట్టము మన దేశమంతటికి వచ్చినది 1850లో, అనగా చౌదరిగారి బాప్తిస్మమునకు పదునేడేండ్ల తరువాత. ఆయన వివాహితుడు, కుటుంబ మున్నవాడు, గౌరవముగల యింట పుట్టినవాడు. సమాధానమునకై బయలుదేరినవానికి మొట్టమొదట ఎదురైనది కలహము.

ఇక్కడ కొంచెము నిలిచి మేమొక మాట చెప్పవలెను. సమాధానమను శబ్దమునకు తెలుగున రెండర్థములు కలవు. ప్రశ్నకు ఇచ్చు జవాబును సమాధానమందుము. మన బాలురు పరీక్షలో వ్రాయునవి ఇవే. మనస్సునకు కలుగు నెమ్మదినికూడ సమాధానమందుము. తెలుగు బైబిలులో ప్రభువు తన శిష్యులకు అనుగ్రహించినది ఈ రెండవది. మనము కష్టము రాగానే మొదటి సమాధానమును అడుగుదుము. ఎందుకు నా బిడ్డ పోయెను? ఎందుకు నేను తప్పితిని? జవాబు దొరకినగాని నెమ్మది రాదని తలంతుము. చౌదరిగారి జీవితము దీనికి మారుగా నడచినది. ఆయనకు తన కష్టములన్నిటికి జవాబులు దొరకెనని ఆయన పాటలలో నెక్కడను కానము. నెమ్మది మాత్రము దొరకెను. జవాబు చెప్పువానిని ఎరిగినవాడు జవాబుకొరకు తొందరపడడు.

బాప్తిస్మము పొందిన తరువాత ఆయన సువార్తికుడాయెను. శ్రీకాకుళములోను, విశాఖపట్టణములోను, మన తీరమునందలి ఇతర స్థలములలోను ఆయన పాటుపడెను. ఈ పని యెట్టిదో నేటి విద్యార్థులు ఊహించుట కష్టము. సంతలలోను, రథోత్సవములకు కూడిన జనసమూహములలోను, చెట్టు క్రింద, రచ్చచావడియందు నిలిచి మాటలాడవలెను. వినువారు నలుగురు, పరిహసించువారు నలుబదిమంది. తన పూర్వపు కులమువారికి ఆయన వెలియైనవాడు. దొరలతో తిరుగుటచే సామాన్యజనమునకు అనుమానాస్పదుడు. ఉత్తర సర్కారులలో మిషనువారి పని ఆ కాలమున మిక్కిలి మందముగ సాగెను. ఏండ్ల తరబడి ప్రసంగించినను సంఘములో చేరినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ప్రయాసకు తగిన ఫలము కానరాకుండుట ఉపాధ్యాయులకును బోధకులకును కలుగు ఆశాభంగములలో గట్టిది. మేమును ఉపాధ్యాయులమే గనుక దీని నెరుగుదుము.

దేశమునందలి కష్టములు వేరు. 1832 మొదలుకొని రెండు మూడేండ్లు పర్లాకిమిడి, విశాఖపట్టణ ప్రాంతములందు జమీందారీల తిరుగుబాటులు చెలరేగగా, వాటి నణచుటకు కంపెనీవారు జార్జి రస్సెల్ దొరను సైన్యముతో పంపిరి. ఆయన బాప్తిస్మకాలము సరిగా ఇదియే. 1866లో ఒరిస్సాను నాశముచేసిన మహాక్షామము గంజామును సయితము పీడించెను. అప్పటికి చౌదరిగారు అరువదియేండ్లు దాటినవారు. ఆయన కాలమున మన సీమలో బ్రతికినవారెవరును ఆకలిని, జ్వరములను, అకాలమరణములను ఎరుగనివారు కారు.

ఇన్ని కష్టముల నడుమ ఆయన చేసినదేమి? పాటలు కట్టెను. నిస్తార రత్నాకరము మొదలగు పుస్తకములును ఆయన పేర వెలసెను గాని, ఆయనను చిరంజీవిగ నిలిపినవి కీర్తనలే. నూటికి మించిన కీర్తనలను ఆయన రచించెను. అంతకుముందు దొరలు తమ దేశపు పాటలను తెలుగులోనికి మార్చుట కలదు. కాని ఆ రాగములు మనవారి గొంతుకు పట్టుట కష్టము. చౌదరిగారు మన దేశపు మార్గమునే యవలంబించిరి. పల్లవి, అనుపల్లవి, చరణములు. ప్రతి కీర్తనకు ఒక రాగము, ఒక తాళము. భద్రాచల రామదాసువలెనే, తన సమకాలికుడై 1847లో పరమపదించిన త్యాగరాజువలెనే, తన స్వామిని ఎదుట నిలుపుకొని మాటలాడు రీతినే ఆయన పట్టెను. స్వామి మారెను, భక్తుని కంఠము మన కంఠమే.

దీనిలో గొప్ప ప్రయోజనమొకటి కలదు. ఆ దినములలో మన సీమలో చదువ నేర్చినవారు అరుదు. బైబిలును చేతికిచ్చినను చదువలేనివారే హెచ్చు. పల్లవిని మాత్రము ఒక మారు వినినవాడు పొలమునకు తీసికొనిపోవును. దమ్ముపట్టిన మడిలో పాడును. ఇంటికి వచ్చి బిడ్డకు పాడును. చరణము చరణమున మనుష్యుని పాపమును, ప్రభువు జన్మమును, సిలువ శ్రమలను, పునరుత్థానమును కూర్చియుంచుటచే అక్షరము రానివాడు సయితము వేదసారమును కంఠమందు దాచుకొనగలిగెను. నారాయణదాసుగారి హరికథలకు పేరుపొందిన విజయనగర సీమలో పాటకు ఎంత శక్తి కలదో మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దాసుగారు 1864లో పుట్టిననాటికే చౌదరిగారు వృద్ధాప్యమున అడుగిడుచుండిరి.

ఆయన కీర్తనలలో దుఃఖమును దాచుట కానరాదు. తాను దిక్కులేనివాడనని, తన బలము చాలదని, తన మనస్సు నిలుకడ లేనిదని ఆయన నిస్సంకోచముగ చెప్పుకొనెను. దుఃఖమును దేవుని యెదుటికి తెచ్చుట ఆయన నేర్చిన విద్య. మనుష్యుల యెదుట కుమ్మరించిన దుఃఖము సణుగుడగును. లోపలనే అణచిన దుఃఖము విషమగును. ప్రభువు పాదములయొద్ద కుమ్మరించినది ప్రార్థన యగును. ఫిలిప్పీ చెరసాలలో బెత్తపుదెబ్బలు తినిన పౌలు, సీల మధ్యరాత్రి పాడిరని అపొస్తలుల కార్యములందు చదువుచున్నాము. తలుపులు తెరువబడిన పిమ్మట వారు పాడలేదు. కాళ్లు బొండలో ఉన్నప్పుడే పాడిరి. చౌదరిగారు పాడినదియు అటువంటి పాటయే.

కొందరు క్రైస్తవ సమాధానమును పొరపాటుగ గ్రహింతురు. ప్రార్థించినవారికి కష్టములు రావనియు, విశ్వాసులు పరీక్షలో తప్పరనియు, జ్వరము వెంటనే దిగిపోవుననియు తలంతురు. అట్లు జరుగనప్పుడు విశ్వాసమును పారవేయుదురు. మరికొందరు, రాతివలె దేనికిని చలింపకుండుటయే సమాధానమందురు. చౌదరిగారి మార్గము ఈ రెండింటిలో చేరదు. ఆయన బాప్తిస్మమువలన లోకములో ఏమియు సంపాదింపలేదు, పోగొట్టుకొనినదే యెక్కువ. ఆయన రాయియు కాలేదు. రాయి పాడజాలదు గదా. తన బ్రతుకు తన చేతులలో లేదనియు, ఆ బ్రతుకును పట్టుకొనియున్న చేతులు సిలువపై గాయపడిన చేతులనియు ఆయన నమ్మెను. ఆ నమ్మికవలన వెలి, బీదతనము, నిష్ఫలమైన ప్రయాస, వార్ధక్యము ఆయనను విరుగగొట్టలేకపోయెను.

ఆయన దీర్ఘాయుష్మంతుడు. 1890వ సంవత్సరమున, ఎనుబదియారేండ్లు నిండిన వయస్సున, ప్రభువునందు నిద్రించెను. బాప్తిస్మము పొందినప్పుడు ఆయనకు ముప్పదియేండ్లు; దానికి పిమ్మట ఏబదియారు సంవత్సరములకు పైగా విశ్వాసమందు నిలిచియుండెను. మొదటి యుత్సాహమున ఒక గొప్ప కార్యము చేయుట పలువురికి సాధ్యము. ఏబదియారేండ్లు అదే త్రోవను నడచుట కొందరికే సాధ్యము.

ఆయన బ్రతుకు చివర మన సీమలో కాలము మారుచుండెను. 1870వ సంవత్సరమునకు తరువాత కెనడా బాప్టిస్టు మిషనువారు వచ్చి శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము మొదలగు స్థలములలో పనిచేసిరి. బడులు, ఆసుపత్రులు వెలసెను. మిషనులు వేరైనను పాట ఒకటే. బాప్టిస్టులు, లూథరనులు, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమువారు ఆయన కీర్తనలను తమవిగానే పాడుకొనిరి. ఏ సంతలో తన్ను పరిహసించిరో, ఆ సంతకు దారిలో నున్న పల్లెలోనే క్రిస్మసు రాత్రి తన పాట పాడబడునని ఆయన బ్రతికియుండగా ఎవరు చెప్పగలరు? క్రాన్, డి గ్రాంజెస్ దొరలు తమ పంటను చూడకయే పోయిరి. చౌదరిగారు తమ పంటలో కొంతయే చూచిరి. కోయుచున్నవారము మనము.

ప్రియమైన విద్యార్థులారా, ఈ సంవత్సరమున మీలో కొందరికి జయము కలుగును, కొందరికి అపజయము కలుగును. తప్పినవానిని దేవుడు విడిచెనని తలంపవలదు; జయించినవాడు దేవునికి మిక్కిలి ప్రియుడనియు తలంపవలదు. ప్రశ్నాపత్రమునకు మీరు వ్రాయు సమాధానములు ఉపాధ్యాయులు దిద్దుదురు. హృదయమునకు కావలసిన సమాధానము వేరొకచోటనుండి రావలెను. తలిదండ్రులకు మా మనవి యేమనగా, ఆశాభంగముతో ఇంటికి వచ్చిన బిడ్డను మొదట చేరదీసి, అన్నము పెట్టి, తరువాత మార్కులనుగూర్చి అడుగుడు. బిడ్డ దేవుని సమాధానమును మొదట ఎరుగునది ఇంటివారి మొగములయందే. ఉపాధ్యాయులకును మిషను పనివారికిని మేము చెప్పుకొనునది ఇంకొకటి కలదు: మన యెదుట కూర్చుండిన వెనుకబల్ల బాలుడు ఎవడో మనకు తెలియదు. 1809లో శ్రీకాకుళమున కన్నుమూసిన దొరకును తెలియలేదు.

రేపు ఉదయమున గంట మ్రోగినప్పుడు పుస్తకము తెరచి, కీర్తన పాడుటకు ముందు ఆ పేరును ఒక మారు చదువుడు. సర్వమును పోగొట్టుకొని సమాధానమును సంపాదించినవాడు మీకు అప్పగించిపోయిన పాట అది. పెదవులతో మాత్రము పాడక, మీ దుఃఖమునుకూడ తెచ్చి దానియందు కలిపి పాడుడు. చౌదరిగారికి నెమ్మదినిచ్చిన ప్రభువు మన పాఠశాలకును, మీ గృహములకును, ఈ నాగావళీ వంశధారాతీరములయందలి ప్రతి పల్లెకును తన సమాధానము ననుగ్రహించుగాక.